బయాప్సీలో ‘స్పెర్మటోసైటిక్ సెమినోమా’, డిశ్చార్జి కాగితంలో ‘సెమినోమా’. ఏది లెక్క? కీమో పడాలా?

మలక్‌పేట_వాసి

మా బాబాయి గారి రిపోర్టు గురించి అడుగుతున్నాను. వయసు 56, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడతారు. ఎడమ వృషణం రెండేళ్లుగా మెల్లగా పెరుగుతూ వచ్చింది. నొప్పి లేకపోవడంతో బుడ్డ అనుకుని ఊరుకున్నారు. అల్ట్రాసౌండ్‌లో నీరు కాదు, 6.8 సెం.మీ. గడ్డ అని తేలింది. ఆపరేషన్‌కు ముందు వృషణ గడ్డల మార్కర్లనే రక్తపరీక్షలు: ఏఎఫ్‌పీ 3.1, బీటా హెచ్‌సీజీ 1.2 లోపు, ఎల్‌డీహెచ్ 310 (ఆ ల్యాబులో పైహద్దు 250). గజ్జల్లో కోసి వృషణం మొత్తం తీశారు. నేటికి 12 రోజులు.

బయాప్సీ రిపోర్టు చివర్లో ‘స్పెర్మటోసైటిక్ సెమినోమా, ఐహెచ్‌సీ చేయించుకోవాలి’ అని ఉంది (ముక్కకు ప్రత్యేక రంగులు పట్టించి ఏ రకం కణాలో తేల్చే పరీక్షట). డిశ్చార్జి సమ్మరీలో మాత్రం ఒక్క మాటే, ‘సెమినోమా’, అంటే వృషణ క్యాన్సర్లో ఒక రకం. కార్బోప్లాటిన్ అనే కీమో మందు ఒక డోసు వచ్చే వారమే ఇచ్చేద్దాం అంటున్నారు. సీటీ స్కాన్ ఇంకా తీయలేదు, పెట్ స్కాన్ రాసిచ్చారు.

నా ప్రశ్నలు: ఈ రెండు పేర్లూ ఒకే జబ్బువా? ఐహెచ్‌సీలో ఏమేం అడగాలి? కీమో ఆలస్యమైతే ప్రమాదమా?

స్లైడు_చూపు (పాథాలజీ)

ఒకే జబ్బు కాదు. పేరే తికమక పెడుతోంది. 1946లో పియెర్ మాసన్ ఈ గడ్డను మొదటిసారి వర్ణించినప్పుడు సెమినోమాలో ఒక రకమనుకుని ఆ పేరు పెట్టాడు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని మార్చి ‘స్పెర్మటోసైటిక్ ట్యూమర్’ అంది, ‘సెమినోమా’ అన్న మాట తీసేసింది. మన దగ్గర చాలా ల్యాబులు ఇంకా పాత పేరే టైపు చేస్తున్నాయి. దాన్ని డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కించేవాళ్లు సగం మాట వదిలేస్తే సరిగ్గా మీకు జరిగిందే జరుగుతుంది.

మామూలు సెమినోమా తల్లి కడుపులో ఉన్నప్పుడే ఎదుగుదల ఆగిపోయిన బీజకణం నుంచి పుడుతుంది. అందుకే 25-45 ఏళ్లవాళ్లలో ఎక్కువ, వృషణం కిందికి దిగని పిల్లలకు పెద్దయ్యాక దాని ముప్పు ఎక్కువ. స్పెర్మటోసైటిక్ ట్యూమర్ అలా కాదు. పెద్దయ్యాక వీర్యకణాలు తయారుచేస్తున్న కణాల్లోంచే పుడుతుంది. వృషణంలో తప్ప ఒంట్లో ఇంకెక్కడా పుట్టదు. ఎక్కువగా యాభై దాటినవాళ్లకు, మెల్లగా, నొప్పి లేకుండా వస్తుంది. వృషణ బీజకణ గడ్డల్లో దీని వాటా నూటికి ఒకటి ఉంటే ఎక్కువ. కాబట్టి పాథాలజిస్టు కూడా ఏళ్ల తరబడి చూడకపోవచ్చు. అది వాళ్ల తప్పని అనను.

స్లైడు మీద తేడా ఇలా ఉంటుంది. సెమినోమాలో కణాలన్నీ ఇంచుమించు ఒకే సైజు. గ్లైకోజెన్ వల్ల లోపల తెల్లగా కనిపిస్తాయి. మధ్యలో నార గోడలు, వాటి నిండా లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు). స్పెర్మటోసైటిక్‌లో మూడు సైజులు కలగలిసి ఉంటాయి: లింఫోసైట్ అంత చిన్నవి, 6-8 మైక్రాన్లు, మధ్య రకం 15-20, అక్కడక్కడ 50-100 మైక్రాన్ల రాక్షస కణాలు. మధ్య రకం కణాల కేంద్రకంలో క్రొమాటిన్ (జన్యు పదార్థం) దారపు పోగులా కనిపిస్తుంది. గ్లైకోజెన్ ఉండదు, లింఫోసైట్లు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నాళికల్లో సెమినోమాకు ముందుండే జీసీఎన్‌ఐఎస్ మార్పు కూడా ఉండదు.

మరి పొరపాటు ఎక్కడ పడుతుందంటే, ముక్క పాడవకుండా వేసే ఫార్మలిన్ ద్రవం దగ్గర. వృషణం చుట్టూ ట్యూనికా అనే గట్టి తెల్లటి పొర ఉంటుంది. తీసినదాన్ని కోయకుండా అలాగే డబ్బాలో వేస్తే ఫార్మలిన్ ఆ పొర దాటి లోపలికి వెళ్లదు. మధ్యభాగం కుళ్లిపోతుంది. అప్పుడు మామూలు సెమినోమా కణాలే ముడుచుకుని, నల్లబడి, రకరకాల సైజుల్లో కనిపించి స్పెర్మటోసైటిక్‌లా భ్రమ పెడతాయి. అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ పొరపాటు జరగవచ్చు. ల్యాబుకు చేరగానే నిలువుగా రెండుగా కోసి, ముక్కకు కనీసం పది రెట్లు ఉండేలా 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో ఒక రాత్రంతా, పెద్ద గడ్డయితే ఇంకా ఎక్కువసేపు ఉంచాలి.

ఐహెచ్‌సీలో ఇవి అడగండి: ఓసీటీ 3/4, పీఎల్‌ఏపీ, డీ2-40, సీడీ 117, శాల్-4, సీడీ 30, సీడీ 45. సెమినోమా అయితే ఓసీటీ 3/4, పీఎల్‌ఏపీ, డీ2-40 పాజిటివ్. స్పెర్మటోసైటిక్‌లో ఆ మూడూ నెగెటివ్. శాల్-4 రెండింటిలోనూ పాజిటివ్ కాబట్టి ఇది బీజకణ గడ్డ అని చెప్పడానికే తప్ప తేడా తేల్చడానికి పనికిరాదు. సీడీ 45 ఎందుకంటే, అరవై దాటినవాళ్లలో వృషణంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది లింఫోమా, అంటే లింఫోసైట్ల క్యాన్సర్. మీవారికి 56, అంటే దగ్గర్లోనే. సీడీ 45, సీడీ 20 పాజిటివ్ వస్తే కథ మొత్తం వేరు. రెండో వృషణానికి రేడియేషన్, మెదడు వైపు పాకకుండా మందు, అదంతా వేరే దారి.

ఇక అన్నిటికంటే ముందు చూడాల్సింది. రిపోర్టులో గడ్డ నుంచి ఎన్ని బ్లాకులు (మైనంలో పెట్టిన ముక్కలు) తీశారో లెక్కపెట్టండి. ఏ1, ఏ2 అని రాసి ఉంటుంది. సెంటీమీటరుకు ఒకటి తక్కువలో తక్కువ. అంటే 6.8 సెం.మీ. గడ్డకు ఏడు. రంగు వేరుగా ఉన్న చోట, రక్తం చిమ్మిన చోట, గట్టిగా మాంసంలా ఉన్న చోట అదనంగా తీయాలి. ఈ గడ్డలో కొద్దిమందికి లోపల సార్కోమా (కండ లాంటి కణజాలపు మొండి క్యాన్సర్) పుడుతుంది, ఎక్కువసార్లు రాబ్డోమయోసార్కోమా అనే రకం. మెల్లగా ఉన్న వాపు ఒక్కసారిగా రెండు నెలల్లో పెరిగిందంటే అనుమానించేది దాన్నే. ఆ ఒక్క మూల బ్లాకులోకి రాకపోతే రిపోర్టు ఎంత చక్కగా ఉన్నా నమ్మడానికి లేదు.

తక్కువ తీసి ఉంటే మిగిలిన ముక్క ఇంకా డబ్బాలోనే ఉంటుంది. కానీ రిపోర్టు ఇచ్చిన కొన్ని వారాలకు ల్యాబులు ఆ డబ్బాలు పారేస్తాయి. కీమోకు లేని తొందర దీనికి ఉంది. రేపే ఫోన్ చేసి ‘ముక్క పారేయొద్దు’ అని చెప్పి, వెంటనే రాతపూర్వకంగా ఇవ్వండి.

యూరో_సికింద్రాబాద్

పైన చెప్పినదానికి సర్జరీ వైపు నుంచి కొన్ని కలుపుతాను.

గజ్జల్లో కోశారు, మంచిది. వృషణంలోని లింఫ్ నేరుగా కడుపులోపల, బృహద్ధమని పక్కనున్న గ్రంథులకు వెళ్తుంది. ఎడమవైపుదైతే ఎడమ మూత్రపిండం సిర కింద, ధమనికి ఎడమ పక్కన. కుడివైపుదైతే ధమనికీ పెద్ద సిరకూ మధ్యన. వృషణం సంచి చర్మానిది మాత్రం వేరే దారి, అది గజ్జల గ్రంథులకు పోతుంది. అందుకే సంచి మీద కోత పెట్టడం, బయటి నుంచి సూది గుచ్చి ముక్క తీయడం చేయకూడదంటారు. చేస్తే రెండో దారి కూడా తెరిచినట్టే. ఇక్కడ మీరు గుర్తు తెచ్చుకోవాల్సింది ఒకటుంది. ఈ రెండేళ్లలో ‘బుడ్డ నీరు తీస్తాం’ అని ఎవరైనా సూది పెట్టారా? పెట్టి ఉంటే తేదీతో సహా డాక్టరుకు చెప్పండి, గజ్జల గ్రంథులు కూడా చూడాలి.

పెట్ స్కాన్ ఇప్పుడు అక్కర్లేదు. కావాల్సింది ఛాతీ, కడుపు, కటి సీటీ, కాంట్రాస్టుతో. ముందు క్రియాటినిన్ చూడండి. మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న సంగతి స్కాన్ కౌంటరులో చెప్పండి, కిడ్నీలు బాగుంటే మామూలుగా ఆపాల్సిన పని ఉండదు. పెట్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, మన దేశంలో పాత టీబీ గ్రంథులు కూడా అందులో మెరుస్తాయి. ఛాతీలో రెండు గ్రంథులు వెలిగితే చాలు, ‘పాకింది’ అన్న మాట కాగితం మీదికి ఎక్కేస్తుంది. తర్వాత దాన్ని చెరపడం తల ప్రాణం తోకకు వచ్చినంత పని.

ఆపరేషన్ అయిన తొలి వారాల్లో గజ్జల్లో కొంచెం వాపు, రక్తం గూడు కట్టడం స్కానులో కనిపిస్తాయి. రేడియాలజిస్టుకు ఆపరేషన్ తేదీ రాసివ్వకపోతే దాన్నీ గ్రంథి అనుకునే వీలుంది.

ఎల్‌డీహెచ్ 310 చూసి కంగారు వద్దు. రక్తం తీసేటప్పుడు సిరంజి గట్టిగా లాగినా, ట్యూబు కుదిపినా ఎర్ర కణాలు పగిలి ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. మళ్లీ చూడండి. ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ మామూలుగా ఉండటం స్పెర్మటోసైటిక్‌కు సరిపోతుంది, ఈ గడ్డ ఆ రెండింటినీ తయారుచేయదు. నిజంగా పెరిగి ఉంటే మాత్రం రిపోర్టునే అనుమానించాలి, లోపల వేరే గడ్డ ఉన్నట్టు. కాకపోతే లివరు జబ్బు ఉంటే ఏఎఫ్‌పీ కాస్త పెరగవచ్చు, దాన్ని పక్కన పెట్టి చూడాలి.

భాగ్యనగర్_మెడికల్స్

ఒక్క డోసే కదా. సెమినోమా స్టేజ్ 1కి, అంటే వృషణం దాటనిదానికి, కార్బోప్లాటిన్ ప్రపంచమంతా ఇస్తున్నదే. డే కేర్‌లో గంట పని. పేరు ఏదైనా, ఇప్పించేస్తే ఇంట్లోవాళ్లకు నిద్ర పడుతుంది గదా?

డేకేర్_డెస్క్ (మెడికల్ ఆంకాలజీ)

నిద్ర కోసం ఇచ్చే మందు కాదు అది.

లెక్క చూడండి. సెమినోమాలో ఇచ్చే డోసు ఏయూసీ 7 (ఒంట్లో మందు ఎంత, ఎంతసేపు ఉంటుందన్న కొలత). మిల్లీగ్రాముల్లో ఎంతంటే, 7ను కిడ్నీ వడపోత రేటుకు 25 కలిపిన దాంతో గుణించాలి. వడపోత 80 ఉన్న మనిషికి 7 ఇంటూ 105, అంటే 735 మి.గ్రా. ఒకేసారి. మామూలుగా కార్బోప్లాటిన్‌ను వేరే మందుతో కలిపి ఇచ్చేటప్పుడు ఏయూసీ 5-6 దగ్గరే ఆగుతాం. ప్లేట్‌లెట్లు మూడో వారం ప్రాంతంలో బాగా దిగుతాయి. అప్పుడు సీబీపీ (రక్తకణాల లెక్క) చూడకుండా ఊరికి పంపించేస్తే చిగుళ్ల నుంచి రక్తం వచ్చాక గానీ తెలీదు. షుగరు ఉన్న 56 ఏళ్ల మనిషికి కిడ్నీ లెక్క కూడా జాగ్రత్తగా కట్టాలి. వడపోతను ఎక్కువగా అంచనా వేస్తే డోసు ఎక్కువ పడుతుంది.

ఇంత మందు సెమినోమాలో ఎందుకు ఇస్తామంటే, ఆపరేషన్ తర్వాత ఊరికే గమనిస్తూ ఉంటే నూటికి 15-20 మందికి కడుపు గ్రంథుల్లో తిరిగి వస్తుంది. ఒక డోసు పడితే అది అయిదు ప్రాంతానికి తగ్గుతుంది. తగ్గించడానికి అక్కడ ఏదో ఉంది. సార్కోమా లేని స్పెర్మటోసైటిక్ ట్యూమర్ పాకడం అసలే అరుదు. తగ్గించడానికి అక్కడ ఏమీ లేదు, మందు దుష్ఫలితాలు మాత్రం పూర్తిగా మిగులుతాయి. పైగా ఈ గడ్డ కార్బోప్లాటిన్‌కు సెమినోమాలాగా కరుగుతుందన్న ఆధారమూ లేదు. రేడియేషన్‌కూ ఇదే మాట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు.

సెమినోమాలో కూడా స్టేజ్ 1కి గమనిస్తూ ఉండటం పూర్తిగా ఒప్పుకున్న పద్ధతే. కాబట్టి ఐహెచ్‌సీ రావడానికి రెండు మూడు వారాలు పట్టినా, చివరికి సెమినోమా అని తేలినా, ఈ ఆలస్యం వల్ల మీరు పోగొట్టుకునేది లేదు. కంగారుపడి ముందే ఇచ్చేస్తే మాత్రం వెనక్కి తీసుకోలేం.

నా లెక్క మారేది రెండు సందర్భాల్లో. సీటీలో ఎడమ మూత్రపిండం సిర కింద సెంటీమీటరు దాటిన గ్రంథి కనిపిస్తే, నేరుగా కీమో కాదు, ముందు సీటీ సాయంతో సూదితో ముక్క తీయాలి. టీబీ కావచ్చు, లింఫోమా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. రెండోది, స్లైడులో సార్కోమా ఉంటే. అప్పుడు ఇది మెల్లని గడ్డ కాదు. ఊపిరితిత్తులకు పాకే గుణం ఉంది, బీఈపీ లాంటి వృషణ గడ్డల కీమోకు సరిగా లొంగదు, సార్కోమా చూసే టీముతో కలిసి నిర్ణయించాలి. డెస్మిన్, మయోజెనిన్ అనే రెండు ఐహెచ్‌సీలు అప్పుడు కావాలి.

మలక్‌పేట_వాసి

అందరికీ థ్యాంక్స్. రిపోర్టు మళ్లీ చూశాను. ఏ1 నుంచి ఏ3 వరకు గడ్డ, ఏ4 నాళం అంచు. గడ్డవి మూడే! ముక్క ఇంకా ఉందట, పారేయొద్దని ఫోన్‌లో చెప్పాను, లెటరు రేపు ఇస్తాను. సూది ఎవరూ పెట్టలేదు.

ఇంకొన్ని అనుమానాలు. బ్లాకులు బయటికి తీసుకెళ్లే పద్ధతి ఏమిటి, ఆరోగ్యశ్రీలో ఇది ఎలా నడుస్తుంది? బాబాయికి ఇద్దరు కొడుకులు, 28, 24 ఏళ్లు, వాళ్లకు వస్తుందా? రెండో వృషణానికి ఏం చూడాలి?

రెడ్‌హిల్స్_హెల్ప్‌డెస్క్

అన్నా, బ్లాకుల సంగతి నేను జెప్త.

ఆపరేషన్ అయిన దవాఖానల హిస్టోపాథ్ కౌంటర్ ఉంటది, ఆడికి పొద్దుగాల పోండ్రి. ఒక అర్జీ రాయాలె: పేషెంటు పేరు, ఐపీ నంబరు, బయాప్సీ నంబరు, ‘రెండో అభిప్రాయం కోసం అన్ని బ్లాకులు, అన్ని స్లైడులు కావాలె’ అని. పేషెంటు సంతకం ఉండాలె, ఆధార్ జిరాక్స్ పెట్టాలె. ఒకటి రెండు మంచి బ్లాకులిస్తం అంటే ఒప్పుకోవద్దు, అన్నీ అడగుండ్రి. తీస్కునేటప్పుడు ఆడనే లెక్కబెట్టి, బ్లాకు మీది నంబరు రిపోర్టు నంబరుతోని కలుస్తుందా చూసుకోండ్రి. నంబరు తప్పయితే కొత్త ల్యాబోళ్లు ముట్టుకోరు.

బ్లాకు అంటే మైనంల పెట్టిన ముక్క. ఎండకాలం కారు డాష్‌బోర్డు మీద పెడితే మైనం మెత్తబడి ముక్క జరుగుతది. చిన్న ప్లాస్టిక్ డబ్బాల దూది పెట్టి, సంచిల ఏస్కొని చేతిల పట్టుకపోండ్రి. స్లైడులకు గట్టి అట్ట స్లైడు పెట్టె అడగండ్రి, కాగితంల చుట్టిస్తే పగుల్తయ్. బ్లాకులియ్యం, రంగెయ్యని స్లైడులిస్తం అంటే, పూత పెట్టిన స్లైడుల మీద 10-12 కోతలు అడగండ్రి. అవి ఇంట్ల నెలల తరబడి పెట్టుకోవద్దు, పాతబడితే ఐహెచ్‌సీ రంగు సరిగ పట్టది.

డబ్బాల మిగిలిన ముక్కను మాత్రం మీరు మోస్కపోకండ్రి. అదే ల్యాబుల ‘ఇంకొన్ని బ్లాకులు తీయండి’ అని సర్జన్‌తోని రాయించి ఇయ్యుండ్రి. ఆ బ్లాకులు తయారైనంక అన్నీ కలిపి తీస్కపోవచ్చు.

రెండో అభిప్రాయానికి హైదరాబాద్ల క్యాన్సర్ కోసమే ఉన్న సర్కారు దవాఖాన రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే. పంజాగుట్టల నిమ్స్ ఉంది. ఇంకా అనుమానం మిగిలితే ముంబై టాటా మెమోరియల్‌కు బ్లాకులు పంపి చూపించుకునే వీలు కూడ ఉంది. ఏడికి పోయినా స్లైడులతో పాటు అల్ట్రాసౌండ్ రిపోర్టు, ఆపరేషన్‌కు ముందటి మార్కర్లు, ఆపరేషన్ నోట్స్ జిరాక్సులు పెట్టుండ్రి. వయసు, మార్కర్లు తెల్వకుంట స్లైడు జూసెటోళ్లకు సగమే కనబడ్తది.

ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డు గావాలె, దవాఖానల ఆరోగ్యమిత్ర కౌంటర్ల అడగాలె. 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి పరిమితి 10 లక్షలు చేసిండ్రు. గని మీ దగ్గర అసలు చిక్కు పైసలు గాదు. ముందస్తు అనుమతికి బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ రెండూ ఎక్కిస్తరు. సమ్మరీల ‘సెమినోమా’ అని ఉంటే ఆ పేరు మీదనే ఫైలు నడుస్తది. కీమో ఫైలు పెట్టకముందే సమ్మరీ సరిజేయించుండ్రి.

స్లైడు_చూపు

కొడుకుల విషయం. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదిది. దీని వెనక ఉన్న విషయం ఆసక్తికరమైనది, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తున్నాను. ఈ గడ్డల్లో కొన్నిటిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3, హెచ్‌రాస్ అనే జన్యువుల్లో మార్పులు దొరికాయి. మగవాళ్ల వయసు పెరిగేకొద్దీ వృషణంలో వీర్యకణాల మూలకణాలు లెక్కలేనన్ని సార్లు చీలుతాయి. వాటిలో ఈ మార్పు వచ్చిన కణం పక్కవాటికంటే కొంచెం చురుకుగా పెరిగి గుంపు కడుతుంది. పెద్ద వయసు తండ్రులకు పుట్టే పిల్లల్లో అకాండ్రోప్లేసియా లాంటి మరుగుజ్జుతనం కాస్త ఎక్కువ కనిపించడానికి కారణం కూడా ఎఫ్‌జీఎఫ్‌ఆర్3లో మార్పే. అంటే మార్పు వృషణంలో, ఆ వయసులో, ఆ కణంలో వచ్చింది. మీ తమ్ముళ్లు ఎప్పుడో పుట్టేశారు, వాళ్లకు పరీక్షలేవీ అక్కర్లేదు. మామూలు సెమినోమాలోనైతే అన్నదమ్ములకు, కొడుకులకు ముప్పు కొంత పెరుగుతుంది, అందుకే ఆ తేడా తేలడం వాళ్లకూ అవసరమే. నెలకోసారి వేడినీళ్ల స్నానం తర్వాత వేళ్లతో తడిమి చూసుకోవడం ఎవరికైనా మంచి అలవాటు.

కొత్త బ్లాకులు తీసేవాళ్లకు సర్జన్ రాసే చీటీలో ‘స్పెర్మటోసైటిక్ ట్యూమర్, సార్కోమా కోసం వెతకాలి, రంగు వేరుగా ఉన్న చోట్ల నుంచి తీయాలి, పక్కనున్న మామూలు వృషణం నుంచి ఒకటి’ అని ఉండాలి. ఊరికే ‘మరిన్ని బ్లాకులు’ అంటే చేతికందిన చోట కోసి ఇస్తారు. ఈ గడ్డ కోసి చూస్తే బూడిద రంగులో, జిగురుగా, ముడులు ముడులుగా, అక్కడక్కడ నీటి తిత్తులతో ఉంటుంది. సార్కోమా భాగం తెల్లగా, గట్టిగా, చేప మాంసంలా వేరుపడి కనిపిస్తుంది.

యూరో_సికింద్రాబాద్

రెండో వృషణానికి ఇప్పుడే హై-ఫ్రీక్వెన్సీ ప్రోబుతో అల్ట్రాసౌండ్ చేయించండి, మొదటి స్కానులో చూసి ఉంటే ఆ రిపోర్టులో రెండువైపులా రాశారో లేదో చూడండి. ఈ గడ్డ కొందరికి రెండో వైపు కూడా వస్తుంది. ఏళ్ల తర్వాత రావచ్చు. కాబట్టి ఏడాదికోసారి అల్ట్రాసౌండ్, మధ్యలో ఆయనే తడిమి చూసుకోవడం.

టెస్టోస్టిరాన్ ఒకసారి చూడండి. పొద్దున 8-10 మధ్య, పరగడుపున. మధ్యాహ్నం తీస్తే తక్కువగా వస్తుంది, దాన్ని పట్టుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టేవాళ్లున్నారు. తక్కువ వస్తే ఇంకో రోజు పొద్దున మళ్లీ తీసి, ఎల్‌హెచ్ అనే హార్మోను కూడా చూడాలి. షుగరు వల్ల కూడా ఇది తగ్గుతుంది, ఆపరేషన్ మీదే నెట్టకండి. ఒక వృషణం సరిగా ఉంటే చాలామందికి సరిపోతుంది.

ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ కూడా బరువులే. గజ్జల గోడ కోసి కుట్టింది, హెర్నియా దిగుతుంది.

సీటీ మామూలుగా ఉండి, సార్కోమా లేకపోతే, దీనికి సెమినోమాలాగా గట్టిగా రాసిపెట్టిన స్కాన్ల పట్టిక లేదు. పాకడం అరుదు కాబట్టి సీటీలు తరచుగా తీయడంలో అర్థం లేదు. ఆరు నెలలకోసారి చేత్తో పరీక్ష, ఏటా అల్ట్రాసౌండ్, కడుపు సీటీ ఎప్పుడన్నది మీ ఆంకాలజిస్టు చెప్తారు. ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ మూడు నెలలకోసారి అని రాస్తే అడగండి, ఎందుకని. మొదట్లోనే పెరగనివి తర్వాత కనిపెట్టేదేమీ ఉండదు.

మలక్‌పేట_వాసి

అప్‌డేట్. సీటీ మామూలుగా ఉంది, గ్రంథులు లేవు. ముక్క నుంచి ఇంకో తొమ్మిది బ్లాకులు తీశారు. ఐహెచ్‌సీ వచ్చింది: శాల్-4 పాజిటివ్, సీడీ 117 పాజిటివ్, ఓసీటీ 3/4 నెగెటివ్, పీఎల్‌ఏపీ నెగెటివ్, సీడీ 30 నెగెటివ్, సీడీ 45 నెగెటివ్. డీ2-40 చేయలేదు. కేఐ-67 (చీలుతున్న కణాల వాటా) చాలా ఎక్కువ అని రాశారు. ‘సీడీ 117 పాజిటివ్ కాబట్టి సెమినోమాయే, పైగా కేఐ-67 ఎక్కువ, కీమో తప్పదు’ అంటున్నారు. మళ్లీ మొదటికొచ్చింది.

స్లైడు_చూపు

మొదటికి రాలేదు, దాదాపు తేలిపోయింది.

సీడీ 117 సెమినోమాకే సొంతం కాదు, స్పెర్మటోసైటిక్‌లో కూడా చాలాసార్లు పాజిటివ్ వస్తుంది. తేడా చెప్పేది ఓసీటీ 3/4. అది నెగెటివ్ అయ్యాక సెమినోమా అనడం కుదరదు. కేఐ-67 ఎక్కువ ఉండటం కూడా ఈ గడ్డకు మామూలే. స్లైడు మీద చీలుతున్న కణాలు బోలెడు కనిపిస్తాయి, అయినా పాకదు. ఆ అంకె చూసి కీమో నిర్ణయించరు.

ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోవాలి. ఓసీటీ 3/4 నిజంగా నెగెటివా, లేక ఫార్మలిన్ సరిగా పట్టక రంగు రాలేదా? దానికి ల్యాబులో రెండు అడగండి. ఒకటి, ఆ రోజు పక్కన పెట్టిన కంట్రోల్ స్లైడులో, అంటే తెలిసిన సెమినోమా ముక్కలో, ఓసీటీ 3/4 రంగు పట్టిందా. రెండు, మీ స్లైడులోనే మాస్ట్ కణాలు సీడీ 117కి రంగు పట్టాయా. పట్టి ఉంటే, గడ్డ అంచు దగ్గర ఫార్మలిన్ బాగా చేరిన చోట ఓసీటీ 3/4 మళ్లీ చూసి నెగెటివ్ అంటే అది నిజమైన నెగెటివే. డీ2-40 కూడా ఆ బ్లాకు మీదే చేయించండి, ఒక్క స్లైడు పని.

తొమ్మిది కొత్త బ్లాకుల గురించి ఏం రాశారో మీరు చెప్పలేదు. అనుబంధ రిపోర్టులో ఈ నాలుగు మాటలూ ఉండాలని అడగండి: ‘స్పెర్మటోసైటిక్ ట్యూమర్’ అన్న కొత్త పేరు; మొత్తం 12 బ్లాకుల్లో సార్కోమా ఉందా లేదా; రక్తనాళాల్లోకి గడ్డ వెళ్లిందా; పక్క నాళికల్లో జీసీఎన్‌ఐఎస్ ఉందా. చివరిది ‘లేదు’ అని ఉంటే సెమినోమా వాదన అక్కడితో సరి.

డేకేర్_డెస్క్

ఆ అనుబంధ రిపోర్టు వచ్చేదాకా కీమో తేదీ వాయిదా వేయమని ఫైలులో రాయించండి. నోటి మాట వద్దు. డే కేర్ లిస్టులో పేరు ఉండిపోతే, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు సమ్మరీ చూసి డ్రిప్ ఎక్కించేస్తారు.

రెడ్‌హిల్స్_హెల్ప్‌డెస్క్

అనుబంధ రిపోర్టుకు కూడ అదే బయాప్సీ నంబరు ఉండాలె, కొత్త నంబరేస్తే ఆరోగ్యశ్రీల రెండు వేరే కేసులనుకుంటరు. బ్లాకులు 12, నాళం అంచుది ఒకటి, మొత్తం 13. వాపసు తీస్కునేటప్పుడు లెక్క జూస్కోండ్రి అన్నా.